మూడు వేల సున్నాలు

సున్నాకి అంత చక్కగా మూత ఎలా పెట్టింది తను, పరుగులో రాసిన సున్నా పైన కొంచెం తెరుచుకునే ఉంటుంది, ఇది మాత్రం కంపాసుతో గీసినట్టు గుండ్రంగా ఉంది, దాని కింద ధనశ్రీ అని తన సంతకం, సంతకం కింద ఒక గీత కూడా, ఏం సాధించానని గీసింది ఆ గీత, అనుకుంటూ ధనశ్రీ ఫోన్లో ఆ ఫారం ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది, చిన్నది చేసింది, మళ్ళీ పెద్దది చేసింది, పేరు ఎర్రయ్య, వయసు నలభై ఒకటి, ఊరు బుచ్చయ్యపేట దగ్గర, పని చెరుకు గానుగలో బెల్లం వండడం, మద్యం అలవాటు లేదు, మార్కులు సున్నా, తేదీ పోయిన ఫిబ్రవరిది, సరిగ్గా ఏడాది, ఆటో కదలడం లేదు, ముందు బెల్లం దిమ్మల లారీ ఒకటి వెనక్కి తిరగబోయి రోడ్డుకి అడ్డంగా ఇరుక్కుంది, నెహ్రూ చౌక్ అంతా హారన్లు, టైము పది ఇరవై, పదకొండింటికి జిల్లా ఆఫీసులో రివ్యూ, పెద్దాసుపత్రిలో ఉన్న మద్యం, మత్తుమందుల స్క్రీనింగ్ డెస్కు ఉంటుందో ఊడుతుందో ఆ రివ్యూలో తేలుస్తారు, డెస్కు అంటే ఏముంది, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బీరువా, ధనశ్రీ, అంతే, మనిషి పడిపోకముందే కనిపెట్టడానికి సర్కారు డబ్బు పెట్టి వేసిన బల్ల అది, పది ప్రశ్నలు అడగాలి, జవాబుకింత అని మార్కులు వెయ్యాలి, నలభైకి ఎనిమిది దాటితే కూర్చోబెట్టి మాట్లాడాలి, ఇరవై దాటితే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి నడిపించాలి, పద్నాలుగు నెలల్లో మూడు వేల నూటపదకొండు మందిని అడిగింది తను, గానుగలకీ బెల్లం మార్కెట్టుకీ పూడిమడక బోట్ల దగ్గరికీ తనే వెళ్ళి అడిగింది, తేలింది అరవై ఒక్కమంది, మిగిలినవాళ్ళందరికీ సున్నా, ఆ సున్నాల్లో ఒకడు ఇప్పుడు రెండో అంతస్తు మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు, పొట్ట ఉబ్బిపోయి, కళ్ళు పచ్చబడిపోయి, పొద్దున్న స్టీలు గిన్నెలోకి రక్తం కక్కి.

గిన్నె కంటే ముందు వాసన తగిలింది, పొద్దున్న ఎనిమిదింటికి డెస్కు తాళం తీయబోతుంటే నర్సు వచ్చి మేడమ్, గానుగ మనిషి ఒకడు వచ్చాడు, మీ లిస్టులో ఉన్నాడేమో చూడండి అంది, వెళ్ళి చూస్తే పోల్చుకోలేదు, పేరు విని బీరువా తీసి వెతికితే దొరికింది ఫారం, అప్పుడు గుర్తొచ్చాడు, పెనం పక్కన తెడ్డు పట్టుకుని నిలబడి చెమటలో మెరుస్తూ నవ్విన మనిషి, ఇతనేనా అతను, మంచం పక్కన అతని భార్య బుల్లమ్మ గిన్నె మీద కొంగు కప్పి నిలబడింది, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడమ్మా అని అడిగితే ఆవిడకి కోపమొచ్చింది, తాగడమ్మా ఈడు, ఏనాడూ మందు కొట్టు గుమ్మం తొక్కనేదు, ఈడికా బుద్ధి నేదు, మా పేటలో అడుగు కావాలంటే, అంది, వెనకనుంచి డాక్టరు పెన్ను మూత నొక్కుతూ, ఈయన లివరు మాత్రం పదిహేనేళ్ళ కథ చెబుతోంది అన్నాడు, బుల్లమ్మ డాక్టరు వైపు చూడలేదు, ధనశ్రీ వైపే చూసింది, ఆడమనిషివి నీకైనా తెలీదా అన్నట్టు, గానుగ కాడ ఇచ్చింది తాగుతాడు, అదందరూ తాగుతారు, పెనం దించీసేక ఒక గళాసు, ఆకరి పెనానికి ఒక సీసా, ఆ పొగకీ ఆ ఏడికీ అది నేకపోతే మనిసి నిలబడగలడేటి, అది కూలితో ఇచ్చిందమ్మా, అది తాగుడేటి, అంది, రోజుకెన్ని పెనాలమ్మా అంటే నాలుగు, సెరుకు ఎక్కువుంటే ఐదు, సీజను అయిపోయాక అంటే కోతలకెల్తే ఆసామి ఇత్తాడు, ఇల్లు కట్టే పనికెల్తే మేస్త్రి ఇత్తాడు, సొంత డబ్బులతో మాత్రం సుక్క ముట్టడమ్మా, అలాటోడు కాడు, మంచం మీద ఎర్రయ్య కళ్ళు తెరిచి, మేడమ్ నాకు తెలుసు, ఆ మేడమే, మా గానుగ కాడకొచ్చి బెల్లం తిన్నారు, అన్నాడు, పాత చుట్టాన్ని చూసినంత సంతోషంగా, అంతలో మళ్ళీ గిన్నె కావాల్సొచ్చింది.

అవును తిన్నది, వేడి వేడి పాకం ఆకు మీద పోసి ఇచ్చారు, వేళ్ళు కాలాయి, ఒక చేత్తో బెల్లం, ఇంకో చేత్తో పెన్ను, లారీ ఇంకా కదలలేదు, ఆటో అతను ఇంజను ఆపేసి, అమ్మా, ఇది ఇప్పుడే తెమలదు అన్నాడు, పది ఇరవై ఏడు, ఏమడిగింది ఆ రోజు ఎర్రయ్యని, ఫారంలో అచ్చు వేసిన మొదటి ప్రశ్న గడచిన సంవత్సర కాలంలో మీరు మద్యపానీయాలను ఎంత తరచుగా సేవించారు అని, ఆ వాక్యం చదివితే గానుగ దగ్గర మనిషి ఏదో పరీక్ష పేపరు విన్నట్టు చూస్తాడు, సేవించడమేమిటి, తరచుగా ఏమిటి, అతనికి అర్థమయ్యేలోపు పెనం మాడుతుంది, అందుకని తనే మార్చుకుంది, మొదటి వారంలోనే, ఎవరినీ అడగకుండా, వారానికి మందుకి ఎంత పెడతావు చిన్నాన్నా అని, సూటిగా, నవ్వుతూ, ఒక్క ఊపిరిలో, జవాబు కూడా ఒక్క ఊపిరిలోనే వచ్చేది, రూపాయి పెట్టనమ్మా, నేను కొనీవోడిలా కనిపిత్తన్నానేటి, పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు, పెట్టడు అంటే తాగడు, తాగడు అంటే మొదటి గడిలో టిక్కు, మొదటి గడిలో టిక్కు పడితే మిగతా తొమ్మిది ప్రశ్నలూ అడగక్కర్లేదని ఫారం కిందే రాసి ఉంది, సున్నా వేసి సంతకం పెట్టి పక్కవాడి దగ్గరికి, శిబిరం పెట్టిన పూటకి నలభై మంది, మిగతా జిల్లాల్లో శిబిరానికి పదిహేను దాటని పని, పోయిన ఆగస్టు పదిహేనున స్టేజీ మీదకి పిలిచి ఉత్తమ కౌన్సిలర్ అని కాగితం ఇచ్చారు, ఆ కాగితం చుట్టూ జరీ రంగు అంచు, మనిషి జేబులోంచి పోయింది అడిగింది తను, మనిషి గొంతులోకి పోయింది అడగలేదు, పద్నాలుగు నెలలు, మూడు వేల మంది, ఇచ్చింది తాగేవాళ్ళందరూ తన పెన్ను కింద నుంచి జారిపోయారు, వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఒక్కరు కూడా, అదే భరించడం కష్టంగా ఉంది, వాళ్ళెవరైనా అబద్ధం చెప్పి ఉంటే బాగుండు.

ఫోను మోగింది, సూపరింటెండెంటు గారు, ఎక్కడున్నావమ్మా అన్నారు, చౌకు దగ్గర సార్, ఇరుక్కుపోయాను, సార్ ఆ ఎర్రయ్య కేసు అనబోతే, ఆయన మధ్యలోనే అందుకుని, విన్నాను విన్నాను, ఆ సంగతి ఈరోజు రివ్యూలో ఎత్తకు, నీ స్లైడ్లు ఉన్నవి ఉన్నట్టు చదివి వచ్చెయ్, ఇదుగో చూడు, డెస్కు ఎలాగూ తీసేస్తున్నారు, మన దగ్గర రెండు శాతమే తేలింది కదా, ఆ డబ్బుతో పన్నెండు మంచాల డీ-అడిక్షన్ వార్డు పెడుతున్నారు, కౌన్సిలర్ పోస్టుకి నీ పేరే రాసి పంపాను, మూడేళ్ళ కాంట్రాక్టు, నువ్వు నోరు కదపకపోతే నీకూ మంచిది, నాకూ మంచిది, అని పెట్టేశారు, మూడేళ్ళు, డెస్కు కాంట్రాక్టు వచ్చే నెలాఖరుకి అయిపోతుంది, ఇంట్లో అమ్మ, తను, కూతురు సాయిశ్రీ, ఇంకో జీతం లేదు, మూడేళ్ళంటే సాయిశ్రీ టెన్తు దాటిపోతుంది, పన్నెండు మంచాలు, పన్నెండు గిన్నెలు, పన్నెండు కిటికీలు, పడిపోయినవాళ్ళని పడుకోబెట్టడానికి మంచం కావాలి, కాదనడానికి లేదు, ఎర్రయ్యకి ఈరోజు మంచమే కావాలి, కానీ ఏడాది కిందట ఎర్రయ్యకి కావలసింది మంచం కాదు, ఒక పావుగంట, మిగతా తొమ్మిది ప్రశ్నలకి పట్టే పావుగంట, ఆ పావుగంట తన చేతిలో ఉంది, తను పాకం తింటోంది.

ఆటో దిగిపోయింది, డబ్బులిచ్చి లారీ పక్కనుంచి నడుస్తోంది, లాప్‌టాప్ సంచి భుజాన్ని కోసేస్తోంది, బెల్లం దిమ్మల మీద ఈగలు, తియ్యటి వాసన, ఆ వాసనతోనే నాన్న ఇంటికి వచ్చేవాడు, నాన్న పేరు దేముడు, చుట్టుపక్కల గానుగలన్నిటికీ తెలిసిన పేరు, పాకం తీగ చూడకుండా చప్పుడు విని దించేవాడు, బడిలో తోటి పిల్లల నాన్నలు రోడ్డు పక్కన పడి ఉంటే తను తల ఎత్తుకుని నడిచేది, మా నాన్న మందుకి ఒక్క రూపాయి పెట్టడు అని ఎంతమందికి చెప్పింది, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పింది, ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య ఉందా అని అడిగితే లేదు సార్, మా నాన్న ఒక్క రూపాయి, అని, కాళ్ళు ఆగిపోయాయి, వెనక సైకిలు బెల్లు, ఏటమ్మా రోడ్డు మద్దెన, పక్కకి జరిగి ఫోను తీసింది, అమ్మకి చేసింది, అమ్మ వరహాలక్ష్మి మూడో రింగుకి ఎత్తి, తిన్నావేటే అంది, అమ్మా నాన్న తాగేవాడా అని అడిగింది ధనశ్రీ, అటు పప్పు చెరుగుతున్న చేట చప్పుడు ఆగింది, ఏటే ఆ మాట, ఎవులన్నారు నీతోటి, మీ నాయిన సేతిలో ఏనాడైనా సీసా సూసేవేటి, కూలి కూలంతా తెచ్చి నా సేతిలో పెట్టీవోడు, గానుగ దగ్గర ఇచ్చేవారు కదమ్మా, ఇత్తే తాగడా మరి, ఒద్దంటే ఆసామి ఏటనుకుంటాడు, ఆ పొగలో నువ్వు నిలబడ్డావేటి, అది తాగుడేటే, అచ్చం బుల్లమ్మ మాట, ఒక అక్షరం తేడా లేదు, పొద్దున్నే తాగేవాడా అమ్మా, అమ్మ గొంతు చిన్నదైంది, పొద్దున్న సేతులొణికీవి, మొదటి పెనం ఎక్కీ ముందు ఒక గుక్క పడితే గాని తెడ్డు పట్టనేకపోయీవోడు, మరి నువ్వు వద్దనలేదా, ఎందుకొద్దంటాను, తాగుబోతైతే ఒద్దందును, అంది అమ్మ, ఎంత మామూలుగా అంది, కామెర్లొచ్చి పోయేడు, ఎన్ని పసర్లు పోయించేం, నీకు తెలీదేటి, నువ్వు టెన్తు, అంది, పెట్టెయ్యనా, పొయ్యి మీద పాలున్నాయి, అని పెట్టేసింది.

నలభై మూడేళ్ళకి పోయాడు, కామెర్లు, కామెర్లు అనే ఇన్నాళ్ళూ తనూ చెప్పుకుంది, ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా, పచ్చబడిన కళ్ళు వారానికి మూడు జతలు చూస్తూ కూడా, ఎలా, ఒక మనిషి రెండు తలకాయలతో ఎలా తిరగగలదు, మెట్లు ఎక్కుతోంది, పదీ యాభై నాలుగు, జిల్లా ఆఫీసు సమావేశం గదిలో ఏసీ చప్పుడు, పొడుగు బల్ల, నలుగురు ఆఫీసర్లు, మధ్యలో దేవీప్రసాద్ గారు, జిల్లాలో ఆరోగ్య పథకాల డబ్బు ఎటు పోవాలో సంతకం పెట్టేది ఆయనే, చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే సుఖంగా ఉండేది, కాగితం పూర్తిగా చదివి ప్రశ్న అడిగే మనిషి, ఆయన ఎదురుగా రెండు దొంతరలు, ఎడమది ఉంచే పథకాలు, కుడిది ఎత్తేసేవి, డెస్కు ఫైలు కుడివైపే ఉంది, పైనే ఉంది, నీలం రంగు అట్ట, కూర్చోండి ధనశ్రీ గారూ, మీరే కదా ఉత్తమ కౌన్సిలర్, మొదలుపెట్టండి, అన్నాడాయన, స్లైడు వేసింది, నోరు దానంతట అది చదువుతోంది, అడిగినవారు మూడు వేల నూటపదకొండు, ప్రమాద స్థాయిలో ఉన్నవారు అరవై ఒకరు, శాతం రెండు, ఆయన తల ఊపాడు, చాలా మంచి పని చేశారు, మంచి వార్త కూడా, మన గానుగ పనివాళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నారంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, కానీ అంకెలు అంకెలే, అవసరం లేని చోట బల్ల వేసుకుని కూర్చోవడానికి ప్రజల డబ్బు పెట్టలేం కదా, మంచాలకి కొరత ఉంది, అటు మారుద్దాం, ఎవరికైనా అభ్యంతరమా, అని పెన్ను మూత తీశాడు.

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు, పెన్ను కాగితం మీదకి దిగుతోంది, ఏం చెబుతుంది, తప్పు అడిగాను అంటే ఋజువు ఏది అంటాడు, ఎర్రయ్య ఒక్కడే కదా, మూడు వేలలో ఒకడు తప్పిపోతే అది లెక్కలోకి రాదు అంటాడు, తలుపు తెరుచుకుంది, టీ, అటెండరు సత్తియ్య ట్రే పట్టుకుని వచ్చాడు, కప్పులు సాసర్ల మీద గలగలమంటున్నాయి, ఒకటి రెండు కాదు, ఆరు కప్పులూ ఆగకుండా, ట్రే ఎవరైనా కదుపుతున్నట్టు, ధనశ్రీ తల తిప్పి అతని చేతులు చూసింది, పొద్దున్న పదకొండింటికి వణుకుతున్న చేతులు, దగ్గరికి వస్తే లవంగం వాసన, లవంగం వెనక ఇంకొకటి, సత్తియ్యని కూడా అడిగింది తను, పోయిన ఏడాది ఈ ఆఫీసు వరండాలోనే శిబిరం పెట్టి, నెలకి పది రోజులు మా బావ గానుగ కాడికెల్తానమ్మా, సొంతంగా రూపాయి పెట్టను, అన్నాడు, నవ్వాడు, సున్నా, ఉంది ఋజువు, ఇంతకంటే ఏం కావాలి, ఋజువే కాళ్ళ మీద నిలబడి టీ పంచుతోంది, సత్తియ్యా, నిన్న బావ గానుగలో ఎన్ని గ్లాసులిచ్చారు అని ఒక్క మాట అడిగితే చాలు, అతను దాచడు, ఎవరూ దాచలేదు, దాచాల్సిన సంగతని వాళ్ళకి తెలిస్తే కదా, మూడు గళాసులమ్మా అంటాడు మామూలుగా, దేవీప్రసాద్ గారి పెన్ను ఆగుతుంది, డెస్కు బతుకుతుంది, నోరు తెరిచింది కూడా, సత్తియ్య ఆమె ముందు కప్పు పెడుతూ, మేడమ్ గారూ పంచదార తక్కువేసేను మీకు, అన్నాడు, మొన్నెప్పుడో చెప్పింది, గుర్తు పెట్టుకున్నాడు, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది అని అతనికి మాటిచ్చింది, అందరికీ ఇచ్చింది ఆ మాట, ఫారం మీద కూడా అచ్చు వేసి ఉంది, నలుగురు ఆఫీసర్ల ముందు అతని చేతులు చూపించి డెస్కుని కాపాడుకుంటే ఇక ఆ బల్ల ముందు ఏ గానుగ మనిషి కూర్చుంటాడు, కాదు, అతని సంగతి తను ఖర్చు పెట్టడానికి లేదు, మరి ఎవరిది ఉంది తన దగ్గర, అడగకుండా తీసుకోగలిగింది, తనది అని చెప్పుకోగలిగింది, సత్తియ్య తలుపు దాకా వెళ్ళాడు, పెన్ను సగం సంతకం పెట్టింది, సార్ ఆగండి, అంది ధనశ్రీ, ఈ మూడు వేల ఫారాలూ తప్పు, తప్పుగా అడిగింది నేను.

అన్నాక గొంతు తనది కాదనిపించింది, ఎవరో పక్క గదిలో మాట్లాడుతుంటే వింటున్నట్టు, ఏం తప్పు అన్నాడు దేవీప్రసాద్, కోపంగా కాదు, అడ్డంగా రాసిన అంకెని చూసినట్టు, చెప్పింది, ప్రశ్న ఎలా మార్చిందో, ఎందుకు మార్చాననుకుందో, గానుగలో ఇచ్చింది తాగుడు కింద రాదని వాళ్ళంతా నమ్ముతారని, తనూ నమ్మిందని, ఎర్రయ్య అని పేరు చెప్పకుండా ఈరోజు వార్డులో ఒక సున్నా పడుకుని ఉందని, ఒక ఆఫీసరు నవ్వాపుకుంటూ, అంటే మీకిచ్చిన అవార్డు కూడా తప్పేనా అమ్మా అన్నాడు, అవును సార్ అంది, దేవీప్రసాద్ పెన్ను పక్కన పెట్టి, సరే, తప్పడిగారు, సరిగ్గా అడిగితే ఎంత వచ్చేదో మీకేం తెలుసు, ఒక కేసు చెప్పి ఏడాది నిధులు ఉంచమంటే నేను పైకి ఏం రాయాలి, అన్నాడు, అదే ప్రశ్న వస్తుందని తెలుసు, సంచిలోంచి ఖాళీ ఫారం ఒకటి తీసింది, ఒక మనిషి సంగతి నాకు బాగా తెలుసు సార్, ఆయన మందుకి ఒక్క రూపాయి పెట్టలేదు, నా పద్ధతిలో ఆయనకి సున్నా, ఇప్పుడు ఫారంలో ఉన్నట్టు అడుగుతాను, వినండి, మా నాన్న, దేముడు, బెల్లం వండేవాడు, ఎంత తరచుగా, రోజూ, నాలుగు మార్కులు, రోజుకి ఎంత, పెనానికి ఒకటి, ఆఖరికి సీసా, తక్కువలో తక్కువ వేస్తున్నాను సార్, రెండు, మితిమీరి తాగిన రోజులు, వారానికొకసారి, సంత రోజు, మూడు, మొదలుపెట్టాక ఆపలేకపోవడం, ఆపమన్నవాళ్ళు లేరు కాబట్టి తెలీదు, సున్నా, తాగి చేయాల్సిన పని చేయలేకపోవడం, నన్ను పరీక్ష ఫీజు కట్టడానికి తీసుకెళ్ళాల్సిన రోజు గానుగ పక్క పిప్పి కుప్ప మీద పడుకుని ఉన్నాడు, అలిసిపోయాడనుకున్నాం, అలాంటివి నెలకొకటి, రెండు, పొద్దున్నే తాగితే గాని పని మొదలుపెట్టలేకపోవడం, రోజూ, నాలుగు, ఇది నాకు అరగంట కిందట తెలిసింది, తాగినందుకు బాధపడడం, సున్నా, ఎందుకు బాధపడతాడు, తాగుతున్నానని ఆయనకే తెలీదు, తాగినప్పటివి గుర్తులేకపోవడం, రెండు, దెబ్బలు తగలడం, కుడి మోచేయి దాకా పాకంలో కాలింది, నాలుగు, పదోది, ఇంట్లోవాళ్ళు గానీ డాక్టరు గానీ ఎవరైనా తగ్గించుకోమని చెప్పారా, తల ఎత్తింది, తలుపు దగ్గర సత్తియ్య ఖాళీ ట్రే పొట్టకి ఆనించుకుని నిలబడే ఉన్నాడు, వెళ్ళలేదు, ఎవరూ చెప్పలేదు సార్, సున్నా, మొత్తం ఇరవై ఒకటి, ఇరవై దాటితే డాక్టరు దగ్గరికి నడిపించాలి, నలభై మూడేళ్ళకి పోయాడు, ఈ పదో ప్రశ్నలో సున్నా ఉండకుండా చూడడానికే సార్ మీరు ఆ బల్లకి డబ్బులిస్తున్నది, నేను దాన్ని ఆ పని చెయ్యనివ్వలేదు.

దేవీప్రసాద్ ధనశ్రీ వైపు చూడకుండానే సగం సంతకాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన ఏదో రాశాడు, సున్నాలొచ్చిన గానుగల్లో మూడొందల మందిని మళ్ళీ అడగండి, ఫారంలో ఉన్న అర్థం పోకుండా, ఇచ్చింది కూడా కలిపి అడగండి, మీతో పాటు వేరే మండలం మనిషి ఒకరు కూర్చుంటారు, మూడు నెలలు, అప్పటిదాకా ఈ నిధులు ఎటూ కదలవు, అన్నాడు, వార్డు ఆగుతుందా సార్ అని ఎవరో అడిగితే, ఆగదు, దానికి వేరే చోట వెతుకుదాం అన్నాడు, తర్వాత ఇటు తిరిగి, మీకు మెమో వస్తుంది ధనశ్రీ గారూ, రాయకుండా ఉండలేను, వార్డు పోస్టులో మీ పేరు కూడా ప్రస్తుతానికి ఆపుతున్నాను, అర్థమైంది కదా, అర్థమైంది సార్ అంది, నీలం ఫైలు కుడి దొంతర మీంచి తీసి ఎడమ దొంతర మీద కాదు, రెండిటికీ మధ్యలో బల్ల మీద పెట్టాడు.

వరండాలోకి వచ్చి ఫోను చూసుకుంది, సూపరింటెండెంటు గారి మిస్డ్ కాల్స్ మూడు, ఆయనకేం చెప్పాలి, సాయిశ్రీకేం చెప్పాలి, అన్నిటికంటే ముందు అమ్మకేం చెప్పాలి, నీ మొగుడికి ఇరవై ఒక్క మార్కులు వేసి వచ్చాను నలుగురి ముందు అనా, వెనకనుంచి చెప్పుల చప్పుడు, సత్తియ్య, పక్కకొచ్చి నిలబడ్డాడు, ఎదురుగా పార్కు చేసిన జీపుల వైపు చూస్తూ, మీ నాన్నగారిది ఏ గానుగమ్మా, అన్నాడు, చెప్పింది, ఎరుగుదును, మా బావ సెప్పీవోడు, సప్పుడు ఇని పాకం దించీవోడంట గదా, అన్నాడు, అవును అంది, సత్తియ్య చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు, అలాగే లోపలికి వెళ్ళిపోయాడు, చప్పుడు విని దించేవాడు, అవును, అదీ నిజమే, ఆ మనిషే ఈ మనిషి కూడా, రోడ్డు మీద లారీలు కదులుతున్నాయి, ఎండ ఎక్కింది, తొందరలో మార్చాను అని సమావేశం గదిలో చెప్పింది తను, గానుగ మనిషికి అర్థం కాదని, పెనం మాడుతుందని, అందరూ నమ్మారు, దేవీప్రసాద్ గారు కూడా, కానీ మొదటిసారి ఆ పది ప్రశ్నలూ చదివింది గానుగ దగ్గర కాదు, విశాఖపట్నంలో ట్రైనింగు హాల్లో, ఫ్యాను కింద, మీకు తెలిసిన ఎవరినైనా తలుచుకుని నింపండి అని సారు చెప్పినప్పుడు, మొదటి ప్రశ్న మీద పెన్ను పెట్టింది, ఎంత తరచుగా, కళ్ళ ముందు నాన్న తెడ్డు పట్టుకుని నవ్వుతున్నాడు, పెన్ను తీసేసింది, పక్కనున్న అమ్మాయితో అంది, ఇలా అడిగితే మా వైపు ఎవరికీ అర్థం కాదే, ఎంత పెడతావు అని అడగాలి అంది, అక్కడే, ఆ నిమిషంలోనే పుట్టింది ఆ ప్రశ్న, ఇంకా ఒక్క గానుగకి కూడా వెళ్ళకముందు, ఏ పెనమూ పొయ్యి మీద లేదు, ఎవరూ తొందరపెట్టలేదు, నాన్న తాగేవాడని తనకి అప్పటికే తెలుసు.